రేవుకు తిరిగొచ్చినవాళ్లు

మద్రాసు హార్బరులో గుమస్తాగా నేను ఉద్యోగమంతా సరుకు లెక్కలే రాశాను. ఏ ఓడ ఎప్పుడొచ్చింది, ఎన్ని బస్తాల ఎరువులు దిగాయి, ఇనుప ఖనిజం ఎంత ఎక్కింది, రోజూ ఇదే పని. 1987 నుంచి 1990 దాకా మాత్రం ఆ రేవులో సరుకుతో పాటు మనుషుల్ని కూడా చూశాను. సిపాయిలు శ్రీలంకకు ఓడలెక్కి వెళ్లారు, మళ్లీ అక్కడి నుంచి దిగి వచ్చారు. వాళ్లలో మా పెద్దక్క భర్త ఒకడు. ఆ మూడేళ్ల రాజకీయం గురించి పత్రికల్లో, పుస్తకాల్లో చాలా వచ్చింది. వెళ్లొచ్చిన మనుషుల గురించి చాలా తక్కువ వచ్చింది. ఆ లోటు నా వంతుగా కొంతైనా పూడ్చాలని ఇది రాస్తున్నాను.

మా నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పని దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చి రాయపురంలో స్థిరపడ్డారు. మేమందరం ఇక్కడే పుట్టాం. అక్కను మాత్రం మళ్లీ అటువైపే, తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరానికి ఇచ్చారు. ఆ ఊరి సంగతి గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఆ ఊళ్లో సైన్యానికి మనిషిని పంపని ఇల్లు వెతికితే గాని దొరకదు. పిల్లలకు మేజర్, కెప్టెన్ అని పేర్లు పెట్టుకునే ఊరది. యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లతో అక్కడ స్మారక స్తంభం కూడా ఉంది. బావ తాతా, తండ్రీ ఇద్దరూ సైన్యంలో చేసినవాళ్లే. బావ 1971లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరాడు. 1758 నుంచి చరిత్ర ఉన్న రెజిమెంట్ అది. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో శిక్షణ. తమిళులూ, మలయాళీలూ, కన్నడిగులూ, తెలుగువాళ్లూ ఒకే బ్యారక్‌లో ఉండేవారట. బావకు తమిళం అక్కడే వచ్చింది. శ్రీలంకలో ఆ తమిళమే అతనికి ఆసరా అయింది, గుండె కోతా అయింది. అది తర్వాత చెబుతాను.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో అక్కడి తమిళుల సమస్యపై ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆ వెంటనే మన సైన్యం జాఫ్నాలో దిగింది. ముందుగా వెళ్లింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజనే. శాంతి పరిరక్షక దళం (ఐపీకేఎఫ్) అని పేరు. మొదటి వారాల్లో అక్కడి తమిళులు మనవాళ్లకు పూలదండలు వేసి, హారతులు పట్టి ఆహ్వానించారు. రాయపురంలో మా వీధిలో తమిళ కుటుంబాలు ఆ ఫొటోలు పేపర్లో చూసి మురిసిపోయాయి. అక్టోబరు 10 నాటికి అంతా తలకిందులైంది. ఎల్టీటీఈ తమిళ పులులు ఆయుధాలు పూర్తిగా అప్పగించలేదు, పోరు మొదలైంది. జాఫ్నా పట్టణం కోసం వీధి వీధినా యుద్ధం జరిగింది. విశ్వవిద్యాలయం ఆవరణలో హెలికాప్టర్లలోంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ దళంలో 30 మందికి 29 మంది, మర్నాడు పొద్దెక్కేదాకా పోరాడి, నేలకొరిగారు. ఆ వార్త విన్నాక మా ఇంట్లో రేడియో ఆపడం మానేశారు.

బావ పటాలం దీపావళికి ముందు మద్రాసు మీదుగా వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో వచ్చి "నీ కోసం ఒక హవల్దార్ అడుగుతున్నాడు" అంటే పరుగెత్తాను. షెడ్డు నీడలో సిపాయిలు వరసలుగా తమ కిట్‌బ్యాగుల మీదే కూర్చున్నారు. తుపాకులు మోకాళ్ల మధ్య ఉన్నాయి. బకెట్లలో టీ తెచ్చి ఎనామిల్ మగ్గుల్లో పోస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. బావ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరే, ఒక పని చెయ్యి. అమృతాంజనం తెచ్చిపెట్టు. ఎండకి తల పగిలిపోతోంది."

నేను బయలుదేరబోతుంటే పక్కనున్న కుర్రాడు తనకూ ఒకటి అన్నాడు. తర్వాత ఇంకొకడు. ఒకరి వెనక ఒకరు చిల్లర తీసి నా చేతిలో పెట్టారు. కొందరు తమిళంలో, కొందరు మలయాళంలో అడిగారు. పారిస్ కార్నర్‌కి నడిచి, మందుల షాపులో ఉన్న పసుపు సీసాలన్నీ కొని, కాగితం సంచిలో పోసుకుని తెచ్చాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి మందు, మన మద్రాసు మందు. ఆ సీసాలు పంచుతుంటే వాళ్ల చేతులు చూశాను. సగం మంది పాతికేళ్లు కూడా నిండని పిల్లలు. యుద్ధానికి వెళుతూ వాళ్లు అడిగింది తలనొప్పి మందు.

బావ వెళ్లేముందు అన్నది ఒక్కటే. "మీ అక్కకి పేపరు చదివి వినిపించొద్దు."

అక్క పిల్లల్ని తీసుకుని రాయపురం వచ్చేసింది. ఐపీకేఎఫ్ ప్రధాన స్థావరం మద్రాసులోనే ఉండేది కాబట్టి ఇక్కడుంటే కబురు త్వరగా తెలుస్తుందని ఆమె ఆశ. బావ ఉత్తరాల్లో వర్షం గురించి, కొబ్బరి తోటల గురించి, పిల్లల చదువు గురించి ఉండేది. కాల్పుల మాట ఉండేది కాదు. చేతిరాత వణికిందా లేదా అని అక్క పట్టి పట్టి చూసేది.

1988లో వానలు మొదలయ్యాక కబురొచ్చింది. గస్తీ తిరుగుతుండగా మందుపాతర పేలింది. బావ ఎడమ పిక్కలోకి ఇనుప ముక్కలు దిగాయి. విమానంలో మద్రాసుకు తెచ్చి మిలిటరీ ఆసుపత్రిలో చేర్చారు. అక్కను వెంటబెట్టుకుని పరంగిమలై వైపు బస్సెక్కాను. వార్డు గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్క చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. వరుసగా మంచాలు. దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉన్న మంచాలు చాలా ఉన్నాయి. మందుపాతరల యుద్ధం అంటే ఏమిటో నాకు ఆ దుప్పట్లను చూస్తే తెలిసింది.

బావ మంచం పక్కన పంజాబు కుర్రాడొకడు ఉన్నాడు. రెండు చేతులకూ కట్లు. ఎవరైనా ఉత్తరం రాసిపెడతారేమోనని అందరి ముఖాల్లోకీ చూస్తున్నాడు. నాకు హిందీ రాయడం వచ్చు. చిన్నప్పుడు టి.నగర్‌లో హిందీ ప్రచార సభ పరీక్షలకు నాన్న పట్టుబట్టి కట్టించారు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. అతను చెబుతుంటే రాశాను. తల్లికి ఉత్తరం. అమ్మా, కాలికి చిన్న దెబ్బ తగిలింది, ఇక్కడ భోజనం బాగుంది, గోధుమ కోతలకల్లా వచ్చేస్తాను, గేదె ఈనిందా లేదా రాయించు. నేను తలెత్తి అతని మంచం వైపు చూశాను. కుడికాలు మోకాలి కింద లేదు. అతను నా చూపు గమనించాడు. "అంతే రాయండి భాయ్‌సాబ్, ఇంకేం వద్దు" అన్నాడు. పైన ఆసుపత్రి చిరునామా వేయొద్దని కూడా చెప్పాడు. నేను అలాగే రాసి, మడిచి, అతని యూనిట్ చిరునామా వేశాను.

ఆ తర్వాత వారం వారం వెళ్లేవాణ్ని. ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ని. ఎక్కువమంది చిన్న దెబ్బ అనే రాయించారు. దేశం కోసం చేసిన త్యాగం గురించి మనం పెద్ద మాటలు వాడతాం. ఆ వార్డులో నాకు కనిపించిన త్యాగం ఇది: కాలు పోయినవాడు ముందు తల్లి నిద్ర గురించి ఆలోచించడం.

గాయం మానాక బావ మళ్లీ శ్రీలంక వెళ్లాడు. అక్క వద్దని అనలేదు. అంటే ఆగడని ఆమెకు తెలుసు.

1989లో కొలంబోలో ప్రేమదాస ప్రభుత్వం మన సైన్యాన్ని వెళ్లిపొమ్మంది. ఏడాది చివర్లో ఢిల్లీలో కూడా ప్రభుత్వం మారింది. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ రేవు వదిలింది. ఆ రోజుల్లో వచ్చిన ఓడల్లో ఒకదాని మీద బావ ఉన్నాడు. అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగత కార్యక్రమానికి వెళ్లలేదు. శ్రీలంకలో తమిళుల ప్రాణాలు తీసిన సైన్యానికి స్వాగతం చెప్పలేనని ఆయన అన్నారు. ఆ నిర్ణయం మీద దేశమంతా వాదోపవాదాలు జరిగాయి. నాకు ఆ వాదన ఇప్పుడు మళ్లీ తెరవాలని లేదు. మద్రాసులో ఆ బాధ నిజమైనది. జాఫ్నా ఆసుపత్రిలో 1987 దీపావళినాడు రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. వాళ్ల బంధువులు ఈ నగరంలో ఉన్నారు. అది లేదని అనడం ఏ సైనికుడికీ గౌరవం కాదు.

ఓడ ఒడ్డుకు ఆనినప్పుడు మిలిటరీ బ్యాండు వాయించింది. అధికారులు సెల్యూట్ చేశారు. మెట్ల మీంచి సిపాయిలు దిగుతున్నారు. నగరం నుంచి వచ్చిన మామూలు జనం చాలా తక్కువ. మేము కొంతమంది హార్బరు వాళ్లం పనులు ఆపి నిలబడి చప్పట్లు కొట్టాం. దిగుతున్న వాళ్లలో కొందరు మా వైపు చూసి, మేము తమకే కొడుతున్నామా అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకున్నారు. బావ కనిపించగానే కేక వేశాను. మనిషి సగమైపోయాడు. నన్ను పట్టుకుని "పిల్లలు ఎత్తు పెరిగారా?" అని అడిగాడు.

మా సెక్షన్‌లోనే పనిచేసే తమిళ మిత్రుడు క్రేను దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని భార్య పుట్టిల్లు జాఫ్నా. ఆమె తమ్ముడు ఆ అక్టోబరులో పోయాడు, ఎవరి తూటాకు పోయాడో కూడా తెలియదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి చెప్పాడు. "మీ బావ క్షేమంగా వచ్చాడు, సంతోషం. నేను చప్పట్లు మాత్రం కొట్టలేను. ఏమనుకోకు." నేను అతని చెయ్యి పట్టుకున్నాను. అతని మీద నాకు ఆ రోజూ కోపం రాలేదు, ఈ రోజూ లేదు.

ఆ యుద్ధంలో దాదాపు 1,200 మంది మన సైనికులు చనిపోయారు. మూడువేలకు పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఒకరు. 1972లో మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్ నుంచే సైన్యంలోకి వెళ్లారు. 1987 నవంబరు 25న జాఫ్నా ప్రాంతంలో గాలింపు ముగించుకుని వస్తుండగా మాటువేసిన వాళ్లు ఆయన దళం మీద కాల్పులు జరిపారు. ఛాతీలో తూటా దిగినా ఎదుటివాడి తుపాకి లాక్కుని కాల్చారు. ప్రాణం పోయేదాకా తనవాళ్లకు ఆదేశాలు ఇస్తూనే ఉన్నారు. ఐపీకేఎఫ్‌లో పరమ వీర చక్ర పొందింది ఆయన ఒక్కరే. పరంగిమలైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో కవాతు మైదానానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. కొత్తగా అధికారులయ్యే యువతీ యువకులు ఆ పేరున్న నేల మీదే కవాతు చేసి దేశంలోకి వెళతారు. మన హైదరాబాదు నుంచి వచ్చి అదే అకాడమీలో శిక్షణ పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్‌లో, తోలోలింగ్ ప్రాంతంలో శత్రువు బంకర్ల మీద దాడి నడిపిస్తూ అమరుడయ్యారు. ఆయనకు మహావీర చక్ర వచ్చింది.

కార్గిల్ నాటికి దేశం మారింది. యుద్ధం టీవీలో ఇంటింటికీ వచ్చింది. శవపేటికలు ఊళ్లకు వస్తే ఊళ్లకు ఊళ్లే కదిలాయి. చెన్నైలో బడి పిల్లలు డబ్బాలు పట్టుకుని విరాళాలు వసూలు చేశారు. 2014 ఏప్రిల్‌లో కాశ్మీర్‌లోని షోపియాన్ జిల్లాలో ఉగ్రవాదులతో పోరాడి చనిపోయిన మేజర్ ముకుంద్ వరదరాజన్ తాంబరం బిడ్డ. బెసెంట్ నగర్‌లో ఆయన అంత్యక్రియలకు నేనూ వెళ్లాను. ముసలివాళ్లు, కాలేజీ పిల్లలు, ఆటో డ్రైవర్లు, ఎవరికి వారే వచ్చారు. పక్కన నిలబడ్డ ఒకావిడ ఎవరో తెలియని ఆ కుర్రాడి కోసం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. తర్వాత ఆయనకు అశోక చక్ర ఇచ్చారు. ఆ జనాన్ని చూసి నా మనసు నిండింది. అదే సమయంలో బావ గుర్తొచ్చాడు. బావ తరానికి ఈ నగరం ఇలా రాలేదు.

బావ 1994లో రిటైరయ్యాడు. అప్పటికి నలభై రెండేళ్లు. సిపాయిల జీవితంలో ఇది చాలామందికి తెలియని సంగతి. ఆఫీసు ఉద్యోగులు ప్రమోషన్ల గురించి ఆలోచించే వయసులో వాళ్లు పెన్షన్ పుస్తకంతో ఇంటికొస్తారు. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటారు. బావ ఆవడిలో చిన్న ఇల్లు తీసుకుని, ఒక అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. ఈ నగరంలో ఏటీఎంల దగ్గర, ఆసుపత్రుల గేట్ల దగ్గర, ఫ్లాట్ల ముందు కుర్చీలో కూర్చునే నీలం చొక్కాల వాళ్లలో ఎంతమంది మాజీ సైనికులో. ఆ ఫ్లాట్లలో ఎవరో గ్యాస్ సిలిండర్ మూడో అంతస్తుకు మోసుకురమ్మంటే బావ ఇనుప ముక్కలున్న కాలితో మోసుకెళ్లేవాడు. అక్క గొడవ పెడితే "బరువు మొయ్యడం మనకి కొత్తా ఏంటి, ఆయ్" అని నవ్వేసేవాడు.

ఆ ఇనుప ముక్కల్లో ఒకటి ఇప్పటికీ లోపలే ఉంది. కొన్నేళ్ల కిందట నడుం నొప్పికి డాక్టరు ఎమ్మారై రాశాడు. స్కానింగ్ గదిలో టెక్నీషియన్ ఫారం చదువుతూ, ఒంట్లో లోహం ఏమైనా ఉందా అని అడిగాడు. బావ ప్యాంటు మడిచి పిక్క చూపించాడు. చర్మం కింద చింతగింజంత గట్టి గడ్డ. ఎక్స్‌రే తీసి చూసి, స్కాన్ కుదరదన్నారు. ఆ కుర్రాడు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎక్కడ తగిలిందని అడిగాడు. శ్రీలంకలో అని చెబితే, "మన సైన్యం శ్రీలంక ఎందుకు వెళ్లింది సార్?" అన్నాడు. పుట్టి పెరిగింది చెన్నైలోనే. అతని తప్పు ఏమీ లేదు. ఎవరూ చెప్పలేదు అంతే.

అక్కడి సంగతి అంతకు ముందు ఒక్కరే నిజంగా అడిగారు. ఆ క్రేను దగ్గర నిలబడ్డ నా మిత్రుడు. ఇద్దరం రిటైరవ్వక ముందే, కూతురి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. బావ ఆ రోజు ఇక్కడే ఉన్నాడు. కాఫీలు తాగాక నా మిత్రుడు ఉన్నట్టుండి బావ వైపు తిరిగి తమిళంలో అడిగాడు. "అక్కడ మీరు ఏం చూశారు? నాకు చెప్పండి. కోపంతో అడగడం లేదు."

బావ కాసేపు గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. అక్కకు చెప్పనివి, నాకు చెప్పనివి. జాఫ్నాలో ఒక వీధి గాలిస్తూ ఒక ఇంట్లోకి వెళ్లాడట. ముసలావిడ ఒక్కతే ఉంది. దాహం వేస్తే తమిళంలో నీళ్లడిగాడు. ఆమె బావిలోంచి చేది ఇచ్చింది. తాగుతుంటే అడిగింది: "మా భాష మాట్లాడుతున్నావు. నీకూ తల్లి ఉంటుంది కదా. తుపాకి పట్టుకుని మా ఇంట్లోకి ఎందుకొచ్చావు నాయనా?"

"నాకు జవాబు దొరకలేదు" అన్నాడు బావ. "చెంబు కింద పెట్టి, దణ్ణం పెట్టి బయటికొచ్చేశాను. మర్నాడు అదే వీధి చివర మందుపాతర పేలి మావాళ్లు ఇద్దరు పోయారు. వాళ్లలో ఒకడు ముందురోజు నా పక్కనే నిలబడి ఆ ఇంటి నీళ్లే తాగాడు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఇన్నేళ్లుగా ఇద్దరూ గుర్తొస్తూనే ఉన్నారు, ఆ ముసలావిడా, ఆ కుర్రాడూ."

నా మిత్రుడు తన బావమరిది గురించి చెప్పాడు. వయసు, చదువు, క్రికెట్ పిచ్చి. బావ ప్రతి మాటా విన్నాడు. "నన్ను క్షమించమని అడగడానికి నేను ఎవర్ని? కానీ మీ ఇంట్లో దుఃఖం నాకు అర్థమవుతుంది" అన్నాడు. చాలాసేపు అయ్యాక నా మిత్రుడు లేచి, శుభలేఖ మీద బావ పేరు, అక్క పేరు తన చేత్తో రాసి ఇచ్చాడు. "మిమ్మల్ని పంపినవాళ్ల గురించి అడిగితే నా అభిప్రాయం మారలేదు" అన్నాడు. "మీరు తిరిగొచ్చారు. అది మంచిది. పెళ్లికి రండి." అక్కా బావా పెళ్లికి వెళ్లారు. ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఆ రాత్రి బావ నాతో అన్న మాట నేను మర్చిపోలేను. "ఒరే, ఇన్నేళ్లలో ఏం చూశావని నన్ను అడిగిన బయటివాడు అతనొక్కడే."

సైనికులకు కృతజ్ఞత గురించి నేను చెప్పదలచుకున్నది ఆ మాటలోనే ఉంది. గెలిచిన యుద్ధం నుంచి వచ్చినవాడికి దండ వేయడం తేలిక. అతని విజయంలో మనకూ వాటా ఉంటుంది. జనానికి ఇష్టం లేని యుద్ధం నుంచి, ఫలితం తేలని యుద్ధం నుంచి వచ్చినవాడు కూడా అదే ఆజ్ఞ పాటించాడు, అదే రక్తం కార్చాడు. ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించింది అతను కాదు. ఆ నిర్ణయాన్ని మనం ఎంత గట్టిగానైనా విమర్శించవచ్చు, ప్రజాస్వామ్యంలో అది మన హక్కు, బాధ్యత కూడా. ఆ విమర్శ మనం పంపిన మనిషిని ఒంటరిగా వదిలేయడానికి సాకు కాకూడదు. నా మిత్రుడు రెండూ ఒకేసారి చేసి చూపించాడు. యుద్ధాన్ని ఒప్పుకోలేదు, సైనికుణ్ని తన ఇంటి శుభకార్యానికి పిలిచాడు.

పేర్లు నిలపడం కృతజ్ఞతలో మొదటి మెట్టు. నందంబాక్కంలో కామన్‌వెల్త్ యుద్ధ శ్మశానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 856 మంది సమాధులు అక్కడున్నాయి. ప్రతి రాయి మీదా పేరు, చుట్టూ కత్తిరించిన పచ్చిక. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశంలో చనిపోయి ఎక్కడెక్కడో సమాధి అయిన వెయ్యి మందికి పైగా సైనికుల పేర్లు కూడా అక్కడ చెక్కి పెట్టారు. కొలంబో దగ్గర శ్రీలంక ప్రభుత్వం మన ఐపీకేఎఫ్ అమరులకు స్మారకం కట్టించింది. 2015 మార్చిలో మన ప్రధాని అక్కడ పుష్పగుచ్ఛం ఉంచారు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం వచ్చాక అన్ని యుద్ధాల వాళ్లతో పాటు ఐపీకేఎఫ్ అమరుల పేర్లకూ చోటు దొరికింది. మన చెన్నై బీచ్ రోడ్డులో, కోటకు దగ్గరగా విజయ స్మారకం ఉంది. కార్గిల్ దినాన అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. నాకు ఇంకొక కోరిక ఉంది. ఐపీకేఎఫ్ సిపాయిలు ఓడలెక్కిన, ఓడలు దిగిన రేవు దగ్గర, హార్బరు గోడ మీద ఒక శిలాఫలకం పెట్టాలి. ఇక్కడి నుంచి వెళ్లి తిరిగిరాని వాళ్ల పేర్లు దాని మీద ఉండాలి. పక్కనే ఆ యుద్ధంలో పోయిన జాఫ్నా ప్రజలను తలచుకుంటూ ఒక వాక్యం ఉండాలి. రెండు దుఃఖాలకూ ఒకే గోడ మీద చోటు ఉంటుంది. ఈ నగరానికి ఆ మనసు ఉందని నేను నమ్ముతాను.

2015 డిసెంబరు వరదల్లో ఈ నగరం సైన్యం చెయ్యి పట్టుకుని బయటపడింది. నడుంలోతు నీళ్లలో జవాన్లు ముసలివాళ్లను వీపున మోసుకుని పడవల్లోకి ఎక్కించారు. విమానాశ్రయం మునిగిపోతే అరక్కోణంలోని నౌకాదళ స్థావరం నుంచి విమానాలు నడిచాయి. ఆ వారం జనం చేతిలో ఉన్నది వాళ్లకు పెట్టారు, సాంబారన్నం, అరటిపళ్లు, బిస్కెట్లు. ఆ కుర్రాళ్లలో చాలామంది మరికొన్నేళ్లకు మన గేట్ల దగ్గర కూర్చుని ఉంటారు. అప్పుడు కూడా వాళ్లను గుర్తుపట్టాలి.

బావకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ప్రతి నవంబరులో పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. నేను తోడు వెళతాను. పోయినసారి వేలిముద్రల యంత్రం అతని బొటనవేలిని గుర్తించలేదు. ఎన్నో ఏళ్లు తుపాకీ, పార, తాడు పట్టి అరిగిన వేళ్లు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కుర్చీలోంచి లేచి యంత్రం పట్టుకుని బావ కూర్చున్న చోటికి వచ్చింది. తడి గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడిచి, "తాతా, ఇంకొంచెం నొక్కండి" అంటూ ఓపిగ్గా అన్ని వేళ్లూ ప్రయత్నించింది. ఎడమచేతి ఉంగరం వేలికి పచ్చదీపం వెలిగింది. తర్వాత వరసలో జనం ఉన్నా ఒక నిమిషం ఆగి, ఎక్కడెక్కడ పనిచేశారని అడిగింది. బావ శ్రీలంక పేరు చెప్పాడు. ఆ అమ్మాయి వెళ్లిపోలేదు. "అక్కడ ఎలా ఉండేది?" అంది.

మీ ఇంటి పక్కన, మీ వీధి చివర, మీ ఆఫీసు గేటు దగ్గర ఒక మాజీ సైనికుడు ఉండే ఉంటాడు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం నాడు జెండా కొనండి, ఆ డబ్బు వాళ్ల కుటుంబాలకు అందుతుంది. పెన్షన్ కాగితాల్లో, ఆసుపత్రి వరసల్లో తోడు నిలబడండి. అన్నిటికన్నా ముందు పక్కన కూర్చుని ఏం చూశారని అడగండి. ఓపిగ్గా వినండి. అతను చెప్పేది మీ అభిప్రాయానికి నప్పకపోయినా మధ్యలో లేవకండి. రేవులో దిగిన ఆ మనుషులందరికీ, రాని వాళ్లందరికీ, గేట్ల దగ్గర రాత్రంతా మేల్కొని ఉండే హవల్దార్లకీ సుబేదార్లకీ, మా బావకీ, నా కృతజ్ఞతలు.